ఒక బల్లకు ప్రతిపదార్థం

పద్యానికి ప్రతిపదార్థం చెప్పేవారు ఒక్క పదాన్నీ దాటవేయరు. దాటవేసిన చోటే అర్థం జారిపోతుంది. చెక్కపనికి కొత్తగా పూనుకునేవారికీ ఆ పద్ధతే మంచిది. వికారాబాద్, తాండూరు వైపు ఇల్లుండి, వడ్రంగం తన వృత్తి కాని మనిషి సెలవు రోజుల్లో సొంత చేత్తో ఒక పొట్టి బల్ల చేసుకోవాలనుకున్నాడు అనుకుందాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నరకు కాస్త పైన ఎత్తు. అతను చేయవలసిందంతా ఈ వాక్యంలో ఉంది:

చేవ గల టేకును ఆరనిచ్చి, నార చూసి చిత్రిక పట్టి, కుసిని బెజ్జంలో దించి కట్టిన చట్రంపై తాండూరు బండను వదులుగా పరిచి, కట్టెకు నూనె పట్టించవలెను.

వాక్యం చిన్నది. తేమ హెచ్చుతగ్గులకు కట్టె వెడల్పులో కదులుతుంది, పొడవులో దాదాపు కదలదు. ఇందులో సగం పదాలు ఈ సంగతి వల్లే పుట్టాయి. అది మనసులో ఉంచుకుని ఒక్కో పదం చూద్దాం.

చేవ గల. చేవ అనగా మాను నడుమ ఉండే ముదురు రంగు కట్టె. దాని చుట్టూ, బెరడుకు లోపల, తెల్లచెక్క ఉంటుంది. బతికి ఉన్న చెట్టులో నీటిని పైకి మోసేది తెల్లచెక్క. ఆ పని మానేసిన పాత తెల్లచెక్కే చేవగా మారుతుంది. చేవ అంటే గట్టిదనం అనుకోవడం అలవాటు. మనుషుల గురించి ఆ మాట వాడీ వాడీ వచ్చిన అలవాటు కావచ్చు. టేకులో చేవకూ తెల్లచెక్కకూ అసలు తేడా బలంలో కాదు, మన్నికలో. చేవలో చేరిన టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదలకు గిట్టవు. తెల్లచెక్కలో అవి ఉండవు, పైగా పుచ్చుపురుగుకు ఇష్టమైన పిండిపదార్థం ఉంటుంది. కనుక 'టేకుకు చెద పట్టదు' అన్నది సగం నిజం. టేకు చేవకు చెద అంత తేలికగా పట్టదు అంటే పూర్తి నిజం. అదే పట్టెకు అంచున తెల్లచెక్క ఉంటే ఆ అంచుకు చెద పడుతుంది. లేత వయసులో కొట్టిన తోట టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. అందుకే పేరు విని కొనకూడదు, పట్టె కొసన రంగు చూసి కొనాలి.

టేకును. కలప డిపోలో వినబడే పేర్లు కొన్ని ఊళ్లవి, కొన్ని దేశాలవి. సి.పి. టేకు అంటే సెంట్రల్ ప్రావిన్సెస్ టేకు. ఆ రాష్ట్రం 1950లోనే పేరు మార్చుకున్నా కలప వ్యాపారంలో పాత పేరే మిగిలింది. బల్లార్షా టేకు, బర్మా టేకు, ఘనా టేకు కూడా అలాంటివే. ఇవన్నీ ఒకే జాతి చెట్టు. పెరిగిన నేల, పెరిగిన వేగం, కొట్టిన వయసు వేరు. 'ఆఫ్రికన్ టేకు' దగ్గర మాత్రం ఆగండి. ఆ పేరుతో అసలు టేకు జాతే కాని కలపలూ అమ్ముతారు. అవి చెడ్డవని కాదు, టేకు ధరకు కొనవలసినవి కావు.

టేకే కావాలా? అక్కర్లేదు. వేప చేవ చాలా బాగుంటుంది. మామిడి చౌక, పనికి మెత్తన, కానీ పుచ్చుకు లోకువ. నల్లతుమ్మ బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిన కట్టె. గట్టిదనంలో దానికి పేరుంది, ఆ గట్టిదనమే కొత్తవాడి ఉలికి శత్రువు. సొంత పొలంలో చెట్టున్నా సరే, కొట్టే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, కింద అనుమతి అడగాలి. డిపోలో కొంటే బిల్లు దాచుకోవాలి.

ఎంత కొనాలి? కోసిన కట్టెకు లెక్క ఘనపుటడుగుల్లో, అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం గల ఘనంలో. మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. మన బల్లకు కాళ్లు నాలుగు, ఒక్కోటి 2 అంగుళాలు, 2 అంగుళాలు, అడుగున్నర: నాలుగూ కలిపి 24. అడ్డపట్టెలు నాలుగు, నడుమ దన్నుపట్టె ఒకటి, ఒక్కోటి 1 అంగుళం, 3 అంగుళాలు, 2 అడుగులు: అయిదూ కలిపి 30. మొత్తం 54. దాన్ని 144తో భాగిస్తే 0.375, అంటే ఘనపుటడుగులో ఎనిమిదింట మూడు వంతులు. కోతకూ చిత్రికకూ పోయేది కలుపుకుని అర ఘనపుటడుగు అడిగితే సరిపోతుంది.

దుంగ లెక్క వేరు, అక్కడే చాలామంది తికమకపడతారు. దుంగ చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించడం పాత పద్ధతి. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో 10 ఘనపుటడుగులు. గుండ్రని దుంగగా దాని అసలు ఘనపరిమాణం 12.7. అంటే లెక్కకు వచ్చేది 78.5 శాతమే. ఇది మోసం కాదు. దుంగను చదరం చేసేటప్పుడు పోయే చెక్కను ముందే వదిలేసిన లెక్క. అయినా దుంగ ధరనూ కోసిన కట్టె ధరనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆరనిచ్చి. ఎండబెట్టి అనలేదు. ఎండబెట్టడం ఎండలో, ఆరబెట్టడం నీడలో, గాలికి. ఎండలో పెట్టిన పట్టె పైపొర ముందుగా బిగుసుకుంటుంది, లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది, కొసలు పగులుతాయి. పట్టెల మధ్య సన్నని పుల్లలు పెట్టి, కొసలకు రంగు పూసి, నీడన పేర్చాలి.

కట్టెలో నీరు రెండు చోట్ల ఉంటుంది: కణాల బోలులో, కణాల గోడల్లో. బోలులోని నీరు పోతే బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడు కట్టె కుంచించుకుపోతుంది. ఈ శాతం పొడి కట్టె బరువు మీద కట్టేది. అంటే, 120 గ్రాముల ముక్కను 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచితే 100 గ్రాములు తూగిందనుకోండి, పోయిన 20ని 100తో భాగించాలి, 120తో కాదు. తేమ 20 శాతం. ఈ లెక్క వల్లే పచ్చి కట్టె తేమ ఒక్కోసారి 100 శాతం దాటుతుంది, విని ఆశ్చర్యపోనక్కర్లేదు.

టేకు పచ్చి స్థితి నుంచి పూర్తిగా పొడి అయ్యేసరికి వలయాల వెంబడి సుమారు 5 శాతం, వలయాలకు అడ్డంగా అందులో సగం తగ్గుతుంది. పొడవులో తగ్గేది లెక్కకు రాదు. ఇంట్లోకి వచ్చాక కూడా ఈ కదలిక ఆగదు. వికారాబాద్ మే నెల గాలి వేరు, అనంతగిరి కొండల మీద మబ్బు దిగిన ఆగస్టు గాలి వేరు. కట్టె తేమ 5 శాతం అటూ ఇటూ అయితే, రెండడుగుల వెడల్పు గల టేకు పలక 5 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, తరుగుతుంది. వానాకాలంలో తలుపు పట్టేయడానికి కారణం ఇదే. మందం అంగుళానికి ఏడాది ఆరాలన్న పాత లెక్క ఉంది. అంతకన్నా తూనిక నమ్మదగింది. ఒక పట్టెను నెలకోసారి తూచండి. బరువు నిలకడపడితే ఆరినట్టు.

నార చూసి. నార అనగా కట్టె పీచు సాగిన దిక్కు. పైన కనబడే చారలు నార కావు. చారలు వలయాలను కోయడం వల్ల వచ్చిన బొమ్మ. నార ఎటు వాలి ఉందో తెలియాలంటే పట్టె పక్క అంచు చూడాలి. అక్కడ గీతలు పైకి లేచే వైపుగా తోస్తే రందా నున్నగా నడుస్తుంది. ఎదురు తోస్తే పీచు ఎత్తుకుపోయి గుంటలు పడతాయి.

చిత్రిక పట్టి. తెలంగాణలో రందా, కొన్నిచోట్ల తోపడ అనే పనిముట్టుతో పొరలు తీయడమే చిత్రిక. వాక్యాన్ని చిత్రిక పట్టామని రచయితలు గొప్పగా చెప్పుకుంటారు. నున్నగా చేశామన్నది వాళ్ల భావం. వడ్ల పనిలో నునుపు రెండోది, చదును మొదటిది. ముందు ఒక ముఖాన్ని చదును చేయాలి. దానికి మూలమట్టం ఆనించి ఒక అంచును లంబం చేయాలి. మిగతా కొలతలన్నీ ఈ ముఖం నుంచి, ఈ అంచు నుంచి తీయాలి. వేరే చోటి నుంచి తీస్తే నాలుగు కాళ్లూ నాలుగు రకాలుగా వస్తాయి. కోత మిల్లులో మిషను మీద చిత్రిక పట్టించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అభిరుచి కోసం చేసే పనిలో శ్రమను ఎక్కడ ఖర్చు చేయాలో ఎంచుకునే హక్కు మనదే. నన్నడిగితే మిషనుకు చిత్రిక వదిలేసి, తర్వాతి మాటకు ఓపిక దాచుకోమంటాను.

కుసిని బెజ్జంలో దించి. కుసి అనగా అడ్డపట్టె కొసను సన్నగా చెక్కిన నాలుక. బెజ్జం అనగా దానికోసం కాలిలో తొలిచిన చదరపు రంధ్రం. పాతకాలపు మంచంలో పట్టె కోడులోకి దిగే చోటు చూడండి, అదే ఇది. కుసి మందం పట్టె మందంలో సుమారు మూడో వంతు ఉండాలని నియమం. అంగుళం పట్టెకు మూడు సూత్‌లు, అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. మరీ మందమైతే బెజ్జం గోడలు బలహీనం, మరీ సన్నమైతే కుసే విరుగుతుంది.

అతుకును నిలబెట్టేది కుసి ఒక్కటే అనుకోవడం పొరపాటు. కుసి చుట్టూ వదిలిన భుజాలు కాలి ముఖానికి గట్టిగా ఆనితేనే బల్ల ఊగదు. భుజం వంకరగా కోసి, సందును జిగురుతో నింపడం కొత్తవాళ్లకు సహజం. సందులో జిగురుకు బలం లేదు. రెండు ముఖాలు ఆనిన చోటే దానికి పట్టు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఇంటి లోపలి సామానుకు చాలు, తడిసే చోటుకు చాలదు.

ఒకే కాలిలోకి రెండు వైపుల నుంచి రెండు కుసులు వస్తాయి. బెజ్జాలను అంగుళం లోతు తొలిస్తే అవి లోపల కలుస్తాయి. అందుకని కుసి కొనలను 45 డిగ్రీలకు కోసి, ఒకదానికొకటి అడ్డు రాకుండా చేయాలి. కాలి తలకు మరీ దగ్గరగా తొలిస్తే కట్టె నార వెంబడి చీలుతుంది. పైన కనీసం అర అంగుళం వదలాలి.

చట్రంపై. చట్రం అనగా పలక కానిది. వెడల్పయిన పలక అయితే ఏటా 5 మిల్లీమీటర్లు కదిలేది. మన చట్రంలో ఏ పట్టె వెడల్పూ మూడు అంగుళాలు దాటదు, పైవైపు కొలతలన్నీ పట్టెల పొడవు వల్ల ఏర్పడేవే. పొడవు కదలదు కనుక చట్రమూ కదలదు.

తాండూరు బండను. తాండూరు పేరు చెబితే వంటింట్లో వాళ్లకు కందిపప్పు గుర్తుకొస్తుంది. అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇల్లు కట్టేవాళ్లకు బండ గుర్తుకొస్తుంది. ఇది గ్రానైటు కాదు, పాలరాయీ కాదు. పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. నీలం, పసుపు రంగుల్లో దొరుకుతుంది. షాబాదు బండ దీనికి చుట్టమే: కర్ణాటకలోని షాబాదు, మన తాండూరు రెండూ భీమా పరీవాహక సున్నపురాయి పొరల మీదే ఉన్నాయి. బేతంచెర్ల నాపరాయి మాత్రం కర్నూలు పొరలది. చూపుకు ముగ్గురూ అన్నదమ్ముల్లా ఉంటారు, మూడోదాని పుట్టిన చోటు వేరు.

సున్నపురాయి కనుక పులుపుకు ఓర్వదు. నిమ్మరసమో చింతపండు రసమో పడి నిలిస్తే మెరుగు పోయి మచ్చ మిగులుతుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం గల బండ సుమారు 25 కిలోలు. రాయి నొక్కుడును తట్టుకుంటుంది, వంపును తట్టుకోదు. నడుమ దన్నుపట్టె పెట్టమన్నది అందుకే. మెరుగు పెట్టని బండకు అడుగు ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, మందమూ ఒకేలా ఉండదు. కనుక బండ తెచ్చుకున్న తర్వాతే చట్రం కొలతలు ఖాయం చేయాలి.

వదులుగా పరిచి. కట్టె కదిలి బండను పగలగొడుతుంది కనుక అతికించకూడదని కొందరు చెబుతారు. పలక మీద అతికిస్తే ఆ భయం సరైనదే. చట్రం మీద ఆ భయం లేదని ఇప్పుడే చూశాం. వదులుగా పరచమనడానికి కారణం వేరు. బల్లను జరపాలంటే ముందు బండ ఎత్తాలి, పగిలితే మార్చాలి, ఒలికిన నీరు కింద చేరితే తుడవాలి. 25 కిలోల బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు వేస్తే చాలు. ఇంట్లో పిల్లలుంటే బండ అడుగున, చట్రం లోపలి మూలలకు ఆనేలా, నాలుగు చిన్న చెక్క ముక్కలు అతికించండి, జారదు.

కట్టెకు నూనె పట్టించవలెను. పాలిష్ అనలేదు. లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసేది ఫ్రెంచి పాలిష్; అందంగా ఉంటుంది, వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుంది. నూనె అన్నా అన్ని నూనెలూ కావు. ఆరే నూనె కావాలి, అంటే గాలిలోని ఆక్సిజన్ పీల్చి గట్టిపడేది. అవిసె నూనె అలాంటిది. తాండూరు వైపు పండే కుసుమ గింజల నూనె కూడా ఆరుతుంది, కానీ నెమ్మదిగా. కొబ్బరి నూనె, పల్లీ నూనె ఆరవు, జిగటగా మిగిలి దుమ్ము పట్టుకుంటాయి. పల్చగా పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేసి, మర్నాడు మళ్లీ పూయాలి.

తుడిచిన గుడ్డల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను ముద్దగా చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. వాడిన గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి.