మాగిన ద్రాక్షాసవం

ద్రాక్షపండ్లను చిదిమి, ఆ రసాన్ని ఒక పాత్రలో పోసి ఉంచితే రెండు మూడు దినాలలో అది పొంగటం మొదలుపెడుతుంది. ఈస్టు అనే సూక్ష్మజీవులు రసంలోని చక్కెరను మద్యసారంగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చటమే ఇందుకు కారణం. ఇట్లా తయారైనదే ద్రాక్షాసవం, అంటే వైన్. దీనిని గాలి తగిలేటట్లు వదలివేస్తే కొంతకాలానికి పులిసి సిర్కాగా మారిపోతుంది. అయినా ఫ్రాన్సు దేశంలో ఇరవై ముప్పై ఏండ్లు నేలమాళిగలో దాచిన సీసాను మిత్రుల విందులో తెరచి, కొత్తదానికంటె ఇదే మేలని మెచ్చుకొంటారు. చెడిపోవలసిన పదార్థం ఏండ్లు గడచిన కొద్దీ బాగుపడటం ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నకు సమాధానం తేలికగా దొరకలేదు.

పాత ఆసవం విలువ రోమనులకు తెలుసు. క్రీ. పూ. 121 నాటి పంట వారిలో మిక్కిలి పేరుపొందింది. సుమారు రెండు వందల ఏండ్ల తరువాత కూడా అందులో కొంత మిగిలి ఉన్నదనీ, అది చేదు తేనెవలె చిక్కబడిపోయిందనీ ప్లినీ రాశాడు. రోమనులు ఆసవాన్ని మట్టి జాడీలలో పోసి, మూతిని బిగించి, గాలి చొరకుండా కీలుతో మెత్తేవారు. రోమను సామ్రాజ్యం కూలిన తరువాత ఈ పద్ధతి మరుగునపడింది. జాడీల స్థానంలో కొయ్యపీపాలు నిలిచాయి. పీపాలో నుంచి కొంచెం కొంచెం తీస్తూ ఉంటే ఖాళీ అయిన చోట గాలి నిండుతుంది, ఆసవం పులుస్తుంది. అందుచేత మధ్యయుగాలలో కొత్త ఆసవానికే ధర ఎక్కువ. ఏడాది దాటినదాన్ని తక్కువ ధరకు వదిలించుకొనేవారు.

ఈ స్థితిని మార్చినవి గాజుసీసా, బెండు బిరడా. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండులో గాజుకొలుములకు కట్టెలకు బదులు రాతిబొగ్గు వాడటం మొదలైంది. ఎక్కువ వేడిమి వల్ల మందమైన, గట్టి సీసాలు తయారైనాయి. స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు నుంచి వచ్చే బెండు వీటికి సరిపోయింది. పద్దెనిమిదవ శతాబ్దంలో సీసా ఆకారం పొడవై, స్తంభంవలె నిటారైంది. అప్పుడు దానిని పక్కకు పడుకోబెట్టటం సాధ్యమైంది. అట్లా ఉంచితే బెండు ఎప్పుడూ తడిగా ఉండి, ఉబ్బి, గాలిని చాలావరకు ఆపుతుంది. సీసాను పడుకోబెట్టటం చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని ఆసవాన్ని ఏండ్ల తరబడి దాచటం దీనివల్లనే మళ్ళీ వీలైంది.

ఇదే కాలంలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు తోటలకు వేరువేరుగా పేర్లు వచ్చాయి. 1663 ఏప్రిల్ 10న లండను నగరపు పానశాల ఒకదానిలో తాను తాగిన ఒక ఫ్రెంచి ఆసవం మంచిగానూ, విశిష్టంగానూ ఉన్నదని శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో రాసుకొన్నాడు. అది నేటి ఓ-బ్రియోన్ తోటది. 1855లో పారిస్ ప్రదర్శనకోసం బోర్డో దళారులు అక్కడి ఎర్ర ఆసవాలను ఐదు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో లఫీట్, లతూర్, మార్గో, ఓ-బ్రియోన్ అనే నాలుగే ఉన్నాయి. ఈ విభజనకు ఆధారం చాలా ఏండ్లుగా వాటికి పలికిన ధరలే. అప్పటి నుంచి పై తరగతిలోకి ఎక్కింది ఒక్కటే. 1973లో మూటోన్ తోటను రెండవ తరగతి నుంచి మొదటి తరగతికి మార్చారు.

పేరు, ధర పెరిగినంత మాత్రాన రోగం తగ్గలేదు. 1860లో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల మధ్య వర్తక ఒడంబడిక కుదిరి ఎగుమతులు పెరిగాయి. దానితోపాటు ఆసవం పులిసిపోయిందనీ, చేదెక్కిందనీ, జిగురు పుట్టిందనీ ఫిర్యాదులు కూడా పెరిగాయి. లక్షలమంది కృషీవలుల జీవనం ఈ పంట మీద ఆధారపడి ఉన్నది. 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఈ సమస్యను లూయీ పాశ్చర్‌కు అప్పగించాడు. పాశ్చర్ బాల్యం గడచింది ద్రాక్షతోటల నడుమ ఉన్న ఆర్బువా గ్రామంలోనే. అతడు అక్కడికే వెళ్ళి, చెడిన ఆసవాలను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క రకపు సూక్ష్మజీవి కారణమని తెలుసుకొన్నాడు. ఆసవాన్ని గాలి సోకకుండా 50, 60 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య కొద్దిసేపు వేడిచేస్తే ఆ జీవులు చస్తాయనీ, రుచి చెడదనీ నిరూపించాడు. ఈ ఫలితాలను 1866లో గ్రంథంగా ప్రకటించాడు.

అదే గ్రంథంలో ఆసవం మాగటాన్ని గురించిన ప్రయోగం కూడా ఉన్నది. పాశ్చర్ కొన్ని గాజుగొట్టాలను ఆసవంతో నిండుగా నింపి మూసివేశాడు. మరికొన్నింటిని సగమే నింపి, మిగిలిన చోటు గాలికి వదలి మూసివేశాడు. నిండుగొట్టాలలో ఆసవం ఇంచుమించు మారలేదు. సగం గొట్టాలలో రంగు మారింది. అడుగున మడ్డి పేరుకొన్నది. దీనినిబట్టి ఆసవాన్ని మాగబెట్టేది గాలిలోని ఆమ్లజని అని అతడు తేల్చాడు. అయితే ఆమ్లజని సూక్ష్మజీవులకు తోడ్పడితే సిర్కా అవుతుంది. అవి లేనిచోట, అతి నెమ్మదిగా, కొయ్య గుండా కొంచెం కొంచెంగా చేరితే మాగుడు అవుతుంది. ఒకే వాయువు శత్రువూ అవుతుంది, మిత్రమూ అవుతుంది. తేడా అంతా మోతాదులోనే ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో బోర్డో విశ్వవిద్యాలయంలో జాన్ రిబెరో-గయోన్, అతని సహచరుడు ఎమీల్ పెయ్‌నో మొదలైనవారు ఈ పరిశోధనను ముందుకు నడిపించారు. పీపాలో ఉన్నంతకాలం పాశ్చర్ చెప్పినది చాలావరకు నిజమే. సీసాలో చేరిన తరువాత మాత్రం ఆమ్లజని దాదాపు లేకుండానే మార్పులు సాగుతాయని వారు గ్రహించారు.

ఆ మార్పులేమిటో చూద్దాం. ద్రాక్షతొక్కలోనూ గింజలలోనూ టానిన్లనే పదార్థాలు ఉన్నాయి. మన షడ్రుచులలో వగరు అనేది వీటి లక్షణమే. జామపిందె కొరికినప్పుడు నోరు పిడచకట్టుకుపోవటానికి కారణం, టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులతో కలిసి గడ్డకట్టటం. కొత్త ఎర్ర ఆసవం ఇట్లాగే నాలుకను పట్టుకొంటుంది. ఏండ్లు గడచిన కొద్దీ టానిన్ అణువులు ఒకదానితో ఒకటి, రంగునిచ్చే ఆంథోసయనిన్లతోనూ జతపడి పెద్ద అణువులవుతాయి. వాటిలో కొన్ని బరువెక్కి అడుగుకు దిగుతాయి. అందువల్ల వగరు తగ్గుతుంది. ఊదా ఎరుపు రంగు ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆమ్లాలు మద్యసారంతో కలిసి ఎస్టర్లు ఏర్పడుతూ, విడిపోతూ ఉంటాయి. పండు వాసన సన్నగిల్లి తోలు, ఎండుటాకు, తడిమట్టి వంటి వాసనలు తోస్తాయి. తెల్ల ఆసవం మాత్రం ఇందుకు విరుద్ధంగా ముదురు రంగుకు తిరుగుతుంది.

విందులో పాటించే ఆచారాలకు కూడా ఈ రసాయనమే మూలం. పాత సీసాను ముందు రోజే నిలబెడతారు. మడ్డి అడుగుకు దిగుతుంది. తరువాత సీసా మెడ వెనుక దీపం ఉంచి, మడ్డి కనబడేవరకు తేటను మరొక పాత్రలోకి మెల్లగా వంచుతారు. గిన్నెవంటి గాజుపాత్రలో మూడవ వంతు మాత్రమే పోస్తారు. మిగిలిన చోటు వాసన నిలవటానికి. ఒక్కొక్కప్పుడు తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. బెండులో పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థమే దీనికి ముఖ్యకారణమని స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1980 తరువాతి తొలి ఏండ్లలో తేల్చారు. లీటరుకు గ్రాములో 100 కోట్లవ వంతులు నాలుగైదు ఉన్నా మనిషి ముక్కు దానిని పసిగడుతుంది.

ఇంత సున్నితమైన ఇంద్రియం కూడా మోసపోతుంది. 2001లో బోర్డోకు చెందిన పరిశోధకులు వెలువరించిన ప్రయోగంలో 54 మంది ఆసవశాస్త్ర విద్యార్థులు పాల్గొన్నారు. వాసనలేని ఎర్రరంగు కలిపిన తెల్ల ఆసవాన్ని వారికి ఇస్తే, ఎర్ర ఆసవానికి వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారు. కన్ను చూచిందే ముక్కుకు తోచింది. చీటీ మీది పేరు, సంవత్సరం కూడా ఇట్లాగే రుచిని శాసించగలవు. అందుకే నిజమైన పరీక్షలో సీసాను గుడ్డతో చుట్టి పెడతారు.

చీటీ అబద్ధమైతే ఏమి చేయాలి? ఇక్కడ భౌతికశాస్త్రం సాయపడింది. 1945 నుంచి జరిగిన పరమాణు విస్ఫోటనాల వల్ల సీసియం-137 గాలిలో కలిసి ద్రాక్షతోటల మీద కూడా పడింది. అంతకుముందు పంటలలో అది ఉండదు. బోర్డోలోని భౌతికశాస్త్రజ్ఞుడు ఫిలిప్ హ్యూబెర్ సీసాను తెరవకుండానే, గాజును దాటి వచ్చే గామా కిరణాలను కొలిచే పద్ధతి రూపొందించాడు. సీసియం కనబడితే ఆ ఆసవం 1945కు ముందుది కాదని స్పష్టమవుతుంది. కనబడకపోతే మాత్రం చీటీ మీది సంవత్సరం సరియైనదని రుజువైనట్లు కాదు.

పాతదంతా మంచిదని కూడా అనుకోరాదు. పాత బియ్యానికి విలువ ఉన్నా, ప్రతి ధాన్యమూ నిలవచేయటానికి పనికిరాదు. అట్లాగే లోకంలో తయారయ్యే ఆసవంలో అధికభాగం ఒకటి రెండు ఏండ్లలో తాగవలసినదే. టానిన్లు, పులుపు పుష్కలంగా ఉన్న కొన్నింటికే మాగే శక్తి ఉన్నది. మాగుడు ఏ మద్యపు హానినీ తొలగించదు. సురక్షితమైన మోతాదు అనేది లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించింది.

ఫ్రాన్సులోని మేలురకపు ఆసవాలను నేడు సాధారణంగా వేడిచేయరు. శుభ్రత, గంధక ద్విఆమ్లజనిదము, చల్లని నేలమాళిగ వాటిని కాపాడుతున్నాయి. పాశ్చర్ పద్ధతి మాత్రం వేరొకచోట స్థిరపడింది. పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు వేడిచేసి చల్లార్చటం అతని పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. ఆర్బువా ద్రాక్షతోటలలో రోగానికి మందు వెదకిన పరిశోధన చివరకు పసిపిల్లల పాలగిన్నెను కాపాడింది.