సంఘం రేడియో

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం మాచనూర్ నుంచి దళిత మహిళలు నడిపే సముదాయ రేడియో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యాయి. అంతకుముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి మహిళా సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. ఆ ఓపికే దీని అసలు బలం. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు అన్నీ అక్కడి యాసలోనే. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అనుమతి దక్కింది 2006లోనే.

ఇంటర్నెట్‌కూ ఇదే యాజమాన్య ప్రశ్న ఎదురవుతుంది. వెబ్‌సైట్‌ను బట్టి డేటా ధర మార్చడాన్ని 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిషేధించింది. అయితే తీగలు, టవర్లు కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో మొదలైన గీఫీ నెట్‌వర్క్‌ను మాత్రం వాడేవారే నిర్మించుకుంటున్నారు, అందరికీ ఒకే నిబంధనలతో.