మూడు రాత్రుల పారిసు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు తలచిన కాలమున, ఆలుమగలు కలసి దూరప్రయాణమునకు వెడలుట యనగా బిడ్డలకు పెండ్లిండ్లు చేసి, యింటి తాళపుచెవులు కోడలికి అప్పగించిన పిమ్మట చేయు తుదియాత్రయే గాని, నడివయసున రెండు మూడు రాత్రులు పరదేశపు పట్టణమున వినోదార్థమై గడపి వచ్చుట యనునది యెవరి యూహకును అందినది కాదు. ఈ యాచారము పడమటి దేశములందును అనాదిగా నున్నది కాదు. లండను దంపతులు పిల్లల నింట విడిచి పారిసుకు పోయివచ్చుట నేడు సామాన్యవిషయమే యైనను, అది కుదురుకొనుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో ప్రేమకంటె పడవలకును, పడవలకంటె పిల్లలను కనిపెట్టుకొని యింట కూర్చున్నవారికిని ఎక్కువ పాలు కలదని నా యభిప్రాయము.

పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లప్రభువుల కుమారులు విద్యాపూర్తికై గురువును వెంటబెట్టుకొని ఫ్రాన్సు, ఇటలీ దేశములలో ఏడాది, రెండేండ్లు సంచరించుచుండిరి. అది బ్రహ్మచారుల యాత్ర. నెపోలియనుతోడి యుద్ధములు 1815లో ముగిసిన పిదప సంసారులును కడలి దాటసాగిరి గాని, పిల్లలు, దాది, నౌకరులు, పెట్టెలు సమస్తమును వెంట తరలించుకొనిపోయి, చేరినచోట నెలల తరబడి యిల్లు అద్దెకు తీసికొని కాపురము పెట్టుచుండిరి. తెరచాప పడవ అనుకూలమగు గాలికొఱకు ఆంగ్లతీరమందలి డోవరు రేవున కాచుకొనియుండగా, ప్రయాణికులు పూటకూటియింట రోజులు లెక్కించుకొనుచుండిన ఆ కాలమున, పోకకే కొన్ని దినములును రాకకే కొన్ని దినములును పట్టుచుండగా, మూడు రాత్రుల విడిది యను మాటకే అర్థము లేదు. అట్టి ప్రయాణమునకు బిడ్డలను విడిచిపోవుట వియోగమగును గాని విరామము కాదు.

ఈ కొలతను మార్చినది ఆవిరి. 1821లో డోవరు, దాని కెదుటి ఫ్రెంచితీరమందలి కలే రేవుల నడుమ ఆవిరిపడవ నడువసాగినది. 1844లో లండనునుండి రైలు డోవరును చేరినది. 1846లో పారిసున ఉత్తరపు స్టేషను, అనగా గార్ ద్యు నోర్, తెఱవబడినది. 1851లో నవలాకారుడు చార్లెసు డికెన్సు తాను నడుపు పత్రికలో ఒక చిన్న వ్యాసము వ్రాసి, లండనునుండి పారిసుకు పదునొకండు గంటలలో చేరితినని, ఇంద్రజాలమును చూచినవానివలె ఆశ్చర్యపడెను. ఉదయము లండనున ఫలహారము చేసినవాడు రాత్రికి పారిసు దీపములను చూడగల్గుట యెప్పుడు సాధ్యమయ్యెనో, దంపతుల స్వల్పయాత్రకు బీజము అప్పుడే పడినది.

అయినను నడుమ కడలి యుండెను. దాని వెడల్పు ఇఱుకైనచోట ముప్పదిమూడు కిలోమీటర్లు మాత్రమే యైనను, ఆ కొద్దిపాటి నీటి కుదుపునకే కడుపు త్రిప్పి, మొగము పాలిపోయి, పడవ యంచున తల వాల్చినవారికి వినోదయాత్ర ప్రాయశ్చిత్తముగా తోచుచుండెను. ఉక్కు తయారుచేయు విధానమునకు తన పేరు నిచ్చిన హెన్రీ బెసెమరు ఈ బాధకు తానే గుఱియైనవాడు. ఓడ ఊగినను లోపలి గది ఊగకుండుటకై, దానిని ఇరుసులపై వ్రేలాడదీసి, నీటిపీడన యంత్రముతో సమముగ నిలుపవలెనని యాతడు సంకల్పించి, విశేషధనము వెచ్చించి ఒక యోడను కట్టించెను. 1875 మే 8వ తేదీన అది ప్రయాణికులతో బయలుదేరి కలే రేవునకు వచ్చి, చుక్కానికి లొంగక, రేవుకట్టనే గ్రుద్దినది. ఆ దినమున ఊగని గదిని కదలకుండ బిగించియే యుంచిరి. కావున అది పనిచేయునో లేదో యెవరికిని తెలియకయే పోయినది. పిదప ఓడను పాత ఇనుమున కమ్మివేసిరి. కడుపుత్రిప్పునకు మందు దొరకకున్నను జనులు దాటుట మానలేదు.

జనులను దాటించినవారిలో థామసు కుక్కు ముఖ్యుడు. మద్యపాననిషేధమును బోధించు ఈ ముద్రాపకుడు 1841 జులై 5వ తేదీన సుమారు ఐదువందలమందిని తలకొక షిల్లింగునకు లెస్టరునుండి లఫ్‌బరోకు రైలులో కొనిపోవుటతో యాత్రలు నడుపు వృత్తి నారంభించి, 1861లో వేయిన్నారువందలకు పైబడిన పనివారిని పారిసుకు చేర్చెను. 1868లో ఆతడు ప్రవేశపెట్టిన హోటలు చీటీలు చూపునకు కాగితపు ముక్కలే. కాని బసకును భోజనమునకును మూల్యము ఇంటివద్దనే చెల్లించి వచ్చిన భర్త, పరభాషలో బేరమాడలేక భార్య యెదుట చిన్నబోవలసిన యవస్థ వానితో తప్పినది. 1871నాటి చట్టము బ్యాంకులకు ఈస్టరు సోమవారము మున్నగు సెలవుల నిచ్చెను. ఆదివారమునకు సోమవారము తోడయ్యెను.

పడవయు, చీటీయు, సెలవును సమకూడినవి. బిడ్డల మాట మిగిలినది. కలిమిగల యిండ్లలో మేడమీది గదులు పిల్లలకును దాదికిని విడువబడి, తలిదండ్రులు పిల్లలను దినమున కొకటి రెండు పర్యాయములే చూచుచుండిరి. అట్టివారికి మూడు రాత్రుల యెడబాటు లెక్కలోనిది కాదు. 1892లో ఎమిలీ వార్డు లండనున నార్లండు సంస్థను నెలకొల్పి, శిశుపోషణము నొక విద్యగా నేర్పనారంభించెను. కలిమి లేని యిండ్లలో దాదిస్థానము నాక్రమించినది అమ్మమ్మయో, నాయనమ్మయో, పొరుగింటి యిల్లాలో. వీరి పేర్లు ఏ కాలపట్టికలోను లేవు.

ఈ యాత్రకు పరమశోభ గూర్చినది 1936 అక్టోబరు 14వ తేదీన వెలసిన రాత్రిరైలు. లండను విక్టోరియా స్టేషనున రాత్రివేళ నీలిరంగు పడకబండి నెక్కిన దంపతులు, డోవరున రైలుపెట్టెలే ఓడలోనికి నడిపింపబడి, పట్టాలమీద గొలుసులతో బిగింపబడగా, దిగవలసిన పని లేకయే సముద్రమును దాటి, డంకర్కు మీదుగ ఉదయమునకు పారిసున మేల్కొనుచుండిరి. పడకగదిలో నిద్రాస్తరణములతోపాటు ప్రాణరక్షణపు తొడుగులును ఉండెడివి. గొలుసుల ఖణఖణలకు నిద్ర పట్టలేదని విసుగుకొనినవారును కలరు. యుద్ధకాలమున ఆగి, 1947లో మరల సాగి, 1980 అక్టోబరు 31న ఆ బండి నిలిచిపోయినది.

ఆంక్షలును ఈ యాచారమునకు అనుకోని మేలే చేసినవి. 1966 మొదలు కొన్ని యేండ్లు బ్రిటిషు ప్రజలు విహారార్థము పరదేశమునకు తలకు ఏబది పౌండ్లకంటె నెక్కువ కొనిపోరాదను నియమ ముండెను. ఏబది పౌండ్లతో నెలదినముల విహారము పొసగదు గాని మూడు రాత్రులు పొసగును. పిదప 1994లో కడలిక్రింది రైలు సొరంగము తెఱవబడినది. 2007నుండి లండను, పారిసుల నడుమ రైలు ప్రయాణము రెండుంబావు గంటలకు దిగినది.

నేడు లండనున కాపురముండు తెలుగు దంపతులును ఈ రైలు నెక్కుచున్నారు. వారికి ఐరోపా వీసాకంటె ముందు కావలసినది మఱియొక వీసా: గుంటూరునుండియో వరంగల్లునుండియో ఆఱునెలలకై వచ్చు అమ్మమ్మది. పదునొకండు గంటల ప్రయాణము రెండుంబావు గంటలకు తగ్గినది గాని, మారాము చేయు బిడ్డను నిద్రపుచ్చుటకు పట్టు కాలము 1851లో నెంతయో నేడును అంతయే. కావున పారిసునుండి తెచ్చు కానుకలలో మొదటిది ఆ యమ్మమ్మకే చెల్లవలెను.