పైపుల భాష తెలిస్తేనే పైసలు మిగిలేది!

జనగామ/మహబూబాబాద్/భూపాలపల్లి: ఇల్లు కట్టుకొనేవారికి ప్లంబర్ రాసిచ్చే సామాను చీటీ ఓ పట్టాన అర్థం కాదు. ‘సీపీవీసీ ముప్పావు 10, ఎఫ్‌టీఏ 6, ఎన్‌ఆర్‌వీ 1, ఎస్‌డబ్ల్యూఆర్ 110 టైప్ బి 4’ అని ఉంటే దుకాణదారు ఏది ఇస్తే అదే తెచ్చుకోవడం పరిపాటి. ఒక్క అక్షరం తేడాతో వేడినీళ్లకు పనికిరాని పైపు గోడలోకి వెళ్తుంది. మోటారు ఒత్తిడికి తాళలేని పైపు పొలంలో పగులుతుంది. ఈ మూడు జిల్లాల్లోని హార్డ్‌వేర్ దుకాణాల్లో, మేస్త్రీల నోట తరచుగా వినిపించే మాటలకు అర్థాలివి.

అంగుళమా.. మిల్లీమీటరా?

1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్న ప్రాంతం కావడంతో పాత మేస్త్రీల కొలతల్లో ఉర్దూ ఇంకా మిగిలే ఉంది. ఆధా ఇంచ్ అంటే అర, పౌన్ ఇంచ్ అంటే ముప్పావు, సవా ఇంచ్ అంటే అంగుళంపావు, డేఢ్ ఇంచ్ అంటే ఒకటిన్నర. అంగుళంలో ఎనిమిదో వంతు ‘సూత్’. నాలుగు సూత్‌లైతే అరంగుళం.

అసలు చిక్కు మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపును లోపలి రంధ్రాన్ని బట్టి పిలుస్తారు. అందులో అంగుళం అంటే 25 ఎంఎం. బోరుబావుల వద్ద వాడే ఐఎస్ 4985 పీవీసీ పైపును మాత్రం బయటి కొలతతో లెక్కిస్తారు. అందులో అంగుళం పైపు 32 ఎంఎం, రెండంగుళాలది 63, మూడంగుళాలది 90, నాలుగంగుళాలది 110. ‘25 ఎంఎం ఇవ్వండి’ అని మాత్రమే అడిగిన రైతుకు పీవీసీలో ముప్పావు పైపు చేతికి వస్తే తప్పు దుకాణదారుది కాదు. అంగుళాలు, మిల్లీమీటర్లు రెండూ చెప్పడం మేలు.

పైపుపై ‘4 కిలోలు’, ‘6 కిలోలు’ అని ఉండేది బరువు కాదు. చదరపు సెంటీమీటరుపై అది తట్టుకోగల ఒత్తిడి. ఒక కిలో ఒత్తిడి సుమారు పది మీటర్ల నీటిమట్టంతో సమానం. మోటారు రేకుపై ‘హెడ్’ 60 మీటర్లని ఉండగా, చవక అని 4 కిలోల పైపు వేస్తే అది 40 మీటర్లకు మించి భరించదు.

వేడినీళ్లకు ‘సీ’ తప్పనిసరి

యూపీవీసీ చన్నీళ్ల పైపు. ఐఎస్ 4985 రకం 45 డిగ్రీల వరకే. సీపీవీసీలో ముందున్న ‘సీ’ క్లోరినేటెడ్ అనే మాటకు గుర్తు. వేడిని తట్టుకొనేది ఇదే. గీజరు లైనుకు యూపీవీసీ వేస్తే కొన్నాళ్లకు మెత్తబడి అతుకుల వద్ద కారుతుంది. అప్పుడు టైల్స్ పగలగొట్టక తప్పదు. రెండింటికీ అంటించే సొల్యూషన్లు కూడా వేరు.

సీపీవీసీపై ఎస్‌డీఆర్ 11, ఎస్‌డీఆర్ 13.5 అని రెండు రకాలు కనిపిస్తాయి. బయటి కొలతను గోడ మందంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. కాబట్టి 11 రకమే మందం. షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 అనే పైపుల్లో మాత్రం తిరకాసుగా పెద్ద సంఖ్యదే మందమైన గోడ!

నీటిని వెనక్కు రానీయని వాల్వు ఎన్‌ఆర్‌వీ. గీజరుకు అమర్చే సేఫ్టీ వాల్వు లోపలి ఒత్తిడి హద్దు మీరితే నీటిని బయటకు వదులుతుంది. చుక్కలు పడుతున్నాయని దాని మూతి బిగించడం ప్రమాదకరం. ట్యాంకే పగిలే అవకాశం ఉంది. సోలార్ హీటర్లపై రాసే ఎల్‌పీడీ రోజుకు ఎన్ని లీటర్లో తెలుపుతుంది. ఈటీసీ అంటే గాజు గొట్టాల రకం, ఎఫ్‌పీసీ అంటే బల్లపరుపు పలక రకం.

మర బయట ఉంటే ఎంటీఏ, లోపల ఉంటే ఎఫ్‌టీఏ. ఎస్‌డబ్ల్యూఆర్ మరుగుదొడ్డి, వాడుకనీరు, వాననీటి పైపు. అందులో పలుచనిదైన టైప్ ఏ వాననీటికి, గాలి గొట్టానికి సరిపోతుంది. మరుగుదొడ్డికి టైప్ బి అవసరం.

ట్యాంకుపై రాతలు

ఊరి ట్యాంకును ఇంజినీర్లు ఓహెచ్‌ఎస్‌ఆర్ అంటారు. ఊళ్లకు నీరు పంచేందుకు ఎత్తైన చోట కట్టేది ఓహెచ్‌బీఆర్, నేలమీద కట్టేది జీఎల్‌బీఆర్. శుద్ధి కేంద్రం డబ్ల్యూటీపీ. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పల్లెల్లో తలకు రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు లక్ష్యంగా పెట్టుకొంది. 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. ఈ తలసరి లెక్కనే ఎల్‌పీసీడీ అంటారు. కేఎల్ అంటే వెయ్యి లీటర్లు. 60 కేఎల్ ట్యాంకు ఒకసారి నిండితే, 100 ఎల్‌పీసీడీ చొప్పున 600 మందికి ఒకరోజు సరిపోతుంది. ఊరి జనాభా 1,200 ఉంటే రోజుకు రెండుసార్లు నింపాల్సిందే.