చీమిడి ముక్కులో 140 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ చర్ల నుంచి మొదలుపెడతాను. భద్రాచలం దాటి గోదారి వెంట పోతే, ఛత్తీస్‌గఢ్ అడవిని ఆనుకుని ఉండే మండలం. అక్కడ అంగన్‌వాడీలోకి తొంగి చూడండి. ఒకే చాప, పక్కపక్కనే పిల్లలు, ఇద్దరు ముగ్గురికైనా చీమిడి ముక్కులు.

ఆ ముక్కుల్లో న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. గమ్మత్తేంటంటే, దాన్ని మోసే పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. ఆడుకుంటారు, తుమ్ముతారు, పక్కోడికి అంటిస్తారు. ఎవరో ఒకరిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. జ్వరం, ఆయాసం, డొక్కలెగరేయడం. అదే న్యుమోనియా.

దీన్ని కనుక్కున్న తీరు ఇంకా వింత. 1880లో జార్జ్ స్టెర్న్‌బర్గ్ అనే అమెరికా సైనిక డాక్టరు తన సొంత ఉమ్మిని కుందేళ్లకు ఎక్కించాడు. కుందేళ్లు చచ్చిపోయాయి. ఆయన మాత్రం నిక్షేపంలా ఉన్నాడు! అదే ఏడాది చివర్లో పారిస్‌లో లూయీ పాశ్చర్, రేబిస్‌తో చనిపోయిన ఒక పిల్లాడి ఉమ్మిలో ఇదే క్రిమిని చూశాడు. ఇద్దరూ 1881లో బయటపెట్టారు. న్యుమోనియాకి ఇదే ముఖ్య కారణమని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అంటే రోగి కంటే ముందు మనకి దొరికింది, జబ్బు లేకుండా దాన్ని మోస్తున్న మనిషి. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన ముక్క ఇదే.

ఎందుకంటే, 2000లో అమెరికా పసిపిల్లలకు పీసీవీ టీకా మొదలుపెట్టింది. టీకాలో ఉన్న రకాలు పిల్లల ముక్కుల్లో తగ్గిపోయాయి. దాంతో టీకా వేయించుకోని ముసలివాళ్లలో కూడా ఆ రకాల జబ్బు తగ్గింది. మనవడికి సూది గుచ్చితే తాతకి రక్షణ!

మన దేశంలో ప్రభుత్వ టీకాగా 2017లో హిమాచల్, బీహార్, యూపీల్లో మొదలైంది. తెలంగాణకి వచ్చేసరికి 2021. అమెరికా తర్వాత 21 ఏళ్లు. ఈలోగా ప్రైవేటులో దొరికేది, కానీ ఒక్కో డోసు వేలల్లో. మిరపకాయలు కోసే కూలీ ఎక్కడ కొంటుంది చెప్పండి?

ఇప్పుడు ఉచితమే. 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి. చర్ల వైపు చిక్కంతా ఈ తేదీల దగ్గరే. మిరపకోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు చంటిబిడ్డలతో వస్తాయి. మొదటి డోసు అక్కడ పడితే రెండోది ఇక్కడ పడాలి. కార్డేమో హిందీలో ఉంటుంది, తల్లి మాట్లాడేది కోయ, ఏఎన్‌ఎం మాట్లాడేది తెలుగు. కార్డు గుడిసెలోనే మర్చిపోయి వస్తే ఇంక అంతే సంగతులు.

మీ చేలో అలాంటి కుటుంబం ఉంటే, కార్డు ఉన్నా లేకపోయినా బిడ్డని తీసుకుని దగ్గర్లోని సబ్‌సెంటర్‌కి వెళ్లమని చెప్పండి. వీలైతే తోడు వెళ్లండి. ఉంటాను మరి.