చికాగో నగరపు వార్డుల చరిత్రము

మహాసభ సంచికయందు మన పూర్వుల చరిత్రము వ్రాయుట వాడుక. ఈ యేట సంపాదకులు మమ్ము వ్యాసమడిగినప్పుడు మేమును అట్టిదే యొకటి వ్రాయ నుద్దేశించితిమి. కాని గత మహాసభల తీర్మానములను తిరుగవేసి చూడగా, పురపాలక సంఘములయందు మనవారికి స్థానములు కావలెననియు, ఉద్యోగములయందు మనవారికి భాగము రావలెననియు రెండు తీర్మానములు ప్రతి సంవత్సరమును ఇంచుమించుగా నవే మాటలతో కానవచ్చినవి. ఈ కోరిక తప్పని మేమనము. అయినను, మనవాడు పీఠమెక్కిన పిమ్మట నేమగునను ప్రశ్నకు ఆ తీర్మానములలో జవాబు లేదు. ఆ జవాబును వెదకుటకు మేము సముద్రములు దాటి పోవలసివచ్చెను. ఏలయన, ఆ ప్రయోగమును నూరేండ్లకు పైగా చేసి చూచిన పట్టణమొకటి అమెరికా దేశమున గలదు. దాని పేరు చికాగో.

ఆ పేరు మనకు క్రొత్తది కాదు. 1893వ సంవత్సరము సెప్టెంబరు నెలలో శ్రీ వివేకానందస్వామి సర్వమత మహాసభయందు ప్రసంగించిన నగరమదియే. ఆ యేట ప్రపంచ ప్రదర్శనమునకై సరస్సు తీరమున తెల్లని సౌధములు కట్టి, విద్యుద్దీపములతో నలంకరించి, లోకమునెల్ల రప్పించిరి. ఆ సౌధములకు కొన్ని మైళ్ల దూరముననే, హాల్‌స్టెడ్ వీధి ప్రక్క సందులలో, వీధి యేదియో పెంటకుప్ప యేదియో తెలియకుండెను. మేము చెప్పబూనిన కథ యచ్చట మొదలగుచున్నది.

1837లో చికాగో నగరమని పిలువబడినప్పుడు అందలి జనము నాలుగు వేలు. 1871 అక్టోబరులో మహాగ్ని పుట్టి ఇంచుమించు మూడువందల మంది చనిపోయిరి, లక్షమందికి నిలువ నీడ లేకపోయెను. అయినను 1890 నాటికి జనసంఖ్య పది లక్షలు దాటెను. వచ్చినవారిలో ఐర్లండువారు, జర్మనులు, పోలండువారు, బొహీమియావారు, ఇటలీవారు, యూదులు నుండిరి. మన యూళ్లలో కుమ్మరవీధి, సాలెవీధి యున్నట్లే అచ్చటను ఒక్కొక జాతికి ఒక్కొక పేట, ఒక్కొక దేవాలయము, సొంత భాషలో పత్రికలు నేర్పడినవి. ఈ పేటలపైన గీయబడిన గీతలే వార్డులు. 1923 మొదలు నగరమున ఏబది వార్డులు, వార్డునకొక సభ్యుడు. అంతకు ముందు వార్డునకిద్దరు. ఈ సభ్యుని ఆల్డర్మన్ అందురు. 2020 జనాభా లెక్కలలో నగర జనము 27,46,388. అనగా ఒక్కొక సభ్యుని క్రింద ఏబదివేలకు పైబడి ప్రజలు. ఈ సభ్యుడు మన కౌన్సిలరువంటివాడు కాడు. అంగడి పెట్టవలెనన్నను, పలక కట్టవలెనన్నను, ఇల్లు లేపవలెనన్నను పెక్కేండ్లు ఆయన యనుమతి కావలసియుండెను. ఒకరి వార్డు సంగతిలో మరియొకరు చేయి పెట్టరాదను ఆచారము సభలో నుండుటచే, తన వార్డునకు ఆయనయే చిన్న సంస్థానాధీశుడు.

ఆ కాలపు పందొమ్మిదవ వార్డునకు జాన్ పవర్సు అను ఐర్లండువాడు 1888 మొదలు ఇంచుమించు నలువది యేండ్లు సభ్యుడుగా నుండెను. 1889లో ఆ వార్డుననే జేన్ ఆడమ్స్ అను విద్యావతి తన స్నేహితురాలితో గూడి హల్ హౌస్ అను సేవాగృహమును స్థాపించెను. వీరిద్దరి పోరాటము మన సంఘములకు చదువదగినది. వార్డులో చెత్త యెత్తు కంట్రాక్టు పలుకుబడి గలవారికి దక్కు బహుమానము. ఎత్తినను ఎత్తకున్నను సొమ్ము ముట్టుచుండెను. హల్ హౌస్ స్త్రీలు సందు సందు తిరిగి ఆగస్టు, సెప్టెంబరు నెలలలో 1,037 ఫిర్యాదులు రుజువులతో ఆరోగ్యశాఖకు పంపిరి. ఫలము స్వల్పము. అంతట ఆడమ్స్ తానే కంట్రాక్టునకు టెండరు వేసెను. ఏదో చిన్న లోపము చూపి దానిని త్రోసివేసిరి గాని, ఆ గొడవ పత్రికల కెక్కుటచే 1895లో మేయరు ఆమెను ఆ వార్డునకు చెత్త ఇనస్పెక్టరుగా నియమించెను. జీతము ఏడాదికి వేయి డాలర్లు. ఆమె ప్రొద్దున ఆరుగంటలకే లేచి బండ్ల వెంట పోయి, అవి గమ్యము చేరువరకు విడువకుండెను. ఒక యిరుకు సందులో పదునెనిమిది అంగుళముల కశ్మలము క్రింద రాతి బాట బయల్పడెను! అచ్చటి ఇటలీవారు పెద్దగా ఆశ్చర్యపడలేదనియు, పూడిపోయిన పట్టణములను త్రవ్వి తీయుట వారు తమ దేశమున చూచియున్నందుననే కాబోలుననియు ఆమె పరిహాసముగా వ్రాసెను.

ఇంత చేసిన హల్ హౌస్ వారు 1896లోను, 1898లోను పవర్సుపై వేరొకరిని నిలువబెట్టి రెండు మారులును ఓడిరి. ఎందులకు ఓడితిమని ఆడమ్స్ నిష్పాక్షికముగా విచారించి 1898లో ఒక వ్యాసము ప్రకటించెను. పవర్సు క్రిస్మసు పండుగకు ఆరు టన్నుల టర్కీ కోళ్లు, నాలుగు టన్నులకు మించి బాతులు పంచెను. ఎవరింట చావు వచ్చినను శవమునకు బండి, బంధువులకు గుఱ్ఱపు బండ్లు పంపుచుండెను. తన వార్డువారు రెండువేల ఆరువందలమంది సర్కారు జీతము తినుచున్నారని ఆయన గొప్ప చెప్పుకొనుచుండెను. మఱి హల్ హౌస్ వారు? ఒకనాడు వారి శిశుగృహమున తల్లి విడిచిపోయిన పసికందు మరణింపగా, ప్రభుత్వ వ్యయముతో పాతిపెట్టుటకు బండిని పిలిచిరి. ఆ మాట తెలిసి ఇరుగుపొరుగు పేదలు మండిపడి, తమలో చందాలు వేసికొనుటకు సిద్ధపడిరి. దిక్కులేని శవముగా పోవుట వారి దృష్టిలో చావునకు మించిన యవమానము. చదువుకొన్నవారికి తెలియని యా సంగతి పవర్సునకు తెలియును. ఈ భాగము చదివినప్పుడు మాకు సిగ్గు కలిగెను. మనలో పట్టణములు చేరి పెద్ద చదువులు చదివినవారము, గ్రామమున చావునకు పోవుటకు తీరికలేనివారము, ఎన్నికలలో ప్రజలు మోసపోవుచున్నారని వగచుచుందుము గదా!

అయితే ఆ టర్కీ కోళ్ల ధర యెవరిచ్చిరి? ట్రాముకంపెనీలకు వీధులపై హక్కులు కట్టబెట్టుటకు సభలో ముందుండినవాడు ఆ పవర్సే. ఆ ట్రాములలో నిలుచుండి ప్రయాణము చేసి చార్జీలిచ్చినవారు ఆ వార్డు పేదలే. వీధి చూతమా, పెంటలో మునిగియున్నది. అయినవారికి ఆకులలో, కానివారికి కంచములలో అను మన సామెతకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. మా యూరనుకూడ ఒక యెన్నికయందు మేము మనవాడని యొకనికై ఇల్లిల్లు తిరిగితిమి. ఆయన గెలిచెను. పెండ్లిండ్లకు వచ్చెను, అక్షతలు వేసెను. మన వీధి మురుగుకాలువమాత్రము నాలుగేండ్లకును కదలలేదు. అడుగుటకు మొగమాటమడ్డము వచ్చెను.

పవర్సులు పెక్కుమంది కలిసినచో నేమగునో తరువాతి చరిత్రము చూపుచున్నది. 1931లో మేయరైన బొహీమియావాడు ఆంటన్ చెర్మాక్, జాతికొక వాటా చొప్పున లెక్కకట్టి అందఱిని ఒక పార్టీ గొడుగు క్రిందికి తెచ్చెను. 1955 నుండి 1976లో మరణించువరకు మేయరుగా నున్న రిచర్డు డేలీ యా యంత్రమునకు చక్రవర్తి. ఆయనయే పార్టీ కౌంటీ శాఖకును అధ్యక్షుడు. వీధి వీధికి ఒక పార్టీ పెద్ద. వాని ఉద్యోగము వాడు తెచ్చు వోట్ల మీద నాధారపడియుండును. పనులు కాలేదని చెప్పరాదు. దీపములు వెలిగెను, మంచు ఎత్తబడెను. కాని వాటా లేనివారి మాట యేమి?

దక్షిణ రాష్ట్రముల నుండి నల్లజాతివారు చికాగోకు తరలివచ్చిరి. 1910లో 44,103 మంది; 1930 నాటికి 2,33,903. 1919 జూలై 27న సరస్సులో ఈదుచు తెల్లవారి వైపునకు కొట్టుకొనిపోయిన పదునేడేండ్ల యూజీన్ విలియమ్సుపై రాళ్లు రువ్వగా నతడు మునిగి చనిపోయెను. పిమ్మట చెలరేగిన కలహములో ముప్పది యెనమండ్రు చచ్చిరి. ఇండ్ల దస్తావేజులలోనే నల్లవారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతులు వ్రాసికొనిరి. 1948లో సుప్రీముకోర్టు అట్టి షరతులను కోర్టులు అమలుపరుపరాదని తీర్పుచెప్పెను. ఊరి వెలుపల వాడలు కట్టించిన దేశమువారమగు మనము దీనిని చదివి ముక్కున వేలువేసికొనుట తగదు.

పేదలకై ప్రభుత్వము ఇండ్లు కట్టబూనినప్పుడు, తెల్లవార్డుల సభ్యులు తమ వార్డులో స్థలమీయబోమని అడ్డుపడిరి. ఇది తమవారి కొరకు చేసిన మేలని వారి తలంపు. అందుచే నల్లవారి పేటలయందే ఆకాశమునంటు భవనములు వరుసగా లేచినవి. 1962లో పూర్తియైన రాబర్ట్ టేలర్ గృహములు ఇరువదియెనిమిది, ఒక్కొకటి పదునారంతస్తులు. గోట్రో అను నామె పేర 1966లో దాఖలైన వ్యాజ్యమున, స్థలముల యెన్నికలో జాతివివక్ష జరిగినదని 1969లో న్యాయస్థానము నిర్ణయించెను. ఆ కాలమున సభలో నల్లజాతి సభ్యులు లేకపోలేదు. ఆరుగురుండిరి. యంత్రమునకు లోబడి నోరు మెదపనందున వారికి మౌనషట్కమని పేరు వచ్చెను. 1963 అక్టోబరు 22న క్రిక్కిరిసిన బడులకు నిరసనగా రెండులక్షలకు పైగా పిల్లలు బడి మానిరి. అప్పుడును ఆ ఆరుగురు యంత్రమును ధిక్కరింపలేదు. సభలో నిలిచి నల్లవారి పక్షమున నేండ్ల తరబడి వాదించినవాడు ఐదవ వార్డు సభ్యుడు లియోన్ డెస్‌ప్రే, తెల్లవాడు. మనవాడనగా నెవడు? మా తీర్మానకర్తలు ఈ సంగతి కొంచెమాలోచింపవలెను.

1983 ఏప్రిలులో హెరాల్డ్ వాషింగ్టన్ మొదటి నల్లజాతి మేయరుగా ఎన్నికయ్యెను. సభలో ఇరువదితొమ్మండుగురు ఆయనకెదురు, ఇరువదియొక్కరు తోడు. ఆయన ప్రతిపాదనలు మూడేండ్లు కుంటినడక నడిచినవి. దీనికి మూలము వార్డుల గీతలలో నుండెను. నల్లవారి, లాటిన్ అమెరికావారి పేటలను చీల్చి గీసిన పటమును కోర్టు తప్పుపట్టి, 1986లో ఏడు వార్డులలో మరల నెన్నికలు జరిపించెను. బలము ఇరువదియైదు ఇరువదియైదుగా సమమయ్యెను. మేయరు వోటు త్రాసును మొగ్గించెను. 1987 నవంబరు 25న ఆయన తన కార్యాలయమున బల్లయొద్దనే ప్రాణములు విడిచెను.

ఆయన చేసిన పనులలో మేము మిక్కిలి గొప్పదిగా నెంచునది వేరొకటి కలదు. మైకేల్ షాక్‌మన్ అను న్యాయవాది 1969లో వేసిన దావా ఫలితముగా, రాజకీయ కారణమున ఉద్యోగులను తీసివేయరాదని 1972లో ఒప్పందమేర్పడెను. ఉద్యోగములిచ్చుటలోను రాజకీయము చూడరాదను ఒప్పందమునకు 1983లో వాషింగ్టన్ సమ్మతించి సంతకము చేసెను. ఏండ్ల తరబడి ద్వారమువద్ద నిలిచియున్న తన జనము, ఇప్పుడు మన వంతు వచ్చినదని చేయిచాచు వేళ, పంచిపెట్టు గరిటెను ఆయన తానే క్రింద పెట్టెను. ఆయన వారిలో కొందఱికిది కష్టముగా తోచియుండును. మనమైనచో నేమందుమో మహాసభలో నొకమారు అడిగి చూడవచ్చును. ఆ ఒప్పందముపై కోర్టు పర్యవేక్షణ నగరమునకు 2014లో తొలగెను. దానితో అవినీతి యంతరించెనని యెవ్వరును భ్రమపడరాదు: 1969 నుండి 2023 వరకు సభ్యుడుగా నున్న ఎడ్వర్డ్ బర్కు లంచము మున్నగు నేరములకై 2023లో దోషిగా తేలి, 2024లో రెండేండ్ల శిక్ష పొందెను.

ఇక ఆసియావారి సంగతి. చైనావారి పేట అనేక వార్డుల మధ్య చీలియుండి, పెక్కేండ్ల విన్నపముల పిదప 2022 పటముతో పదునొకండవ వార్డునందు ఆసియావారు అధికసంఖ్యాకులైరి. అది డేలీ పుట్టి పెరిగిన వార్డు! నికోల్ లీ అను చైనా సంతతి స్త్రీ ఆ యేట సభ్యురాలుగా నియమింపబడి 2023లో ఎన్నికయందు గెలిచెను. మన దేశమువారి యంగళ్లు, భోజనశాలలు, చీరల దుకాణములు డెవన్ వీధిని బారులు తీరియున్నవి. ఒక భాగమునకు గాంధీమార్గమను గౌరవనామము గలదు. మనవారి బిడ్డలనేకులు ఆ వీధిలో పప్పులు, పచ్చళ్లు కొనుచుందురు. అయినను ఆ సభకెన్నికైన మొదటి భారతసంతతి సభ్యుడు ఆ వీధినుండి రాలేదు. 2011లో అమేయ పవార్ గెలిచినది నలువదియేడవ వార్డున. అచ్చట తెల్లవారే యెక్కువ. కులబలము, జాతిబలము ఏమియు లేకయే ఆయన రెండు మారులు గెలిచి, రెండు మారులకు మించి యుండనన్న మాట నిలుపుకొని 2019లో వైదొలగెను.

చెత్త మాట చెప్పి ముగింతుము. ఆడమ్స్ బండ్ల వెంట నడిచిన కాలమునుండి నూరేండ్లకు పైగా చికాగోలో చెత్తబండ్లు వార్డుల లెక్కననే నడిచినవి. ఒక వార్డు బండి సగము ఖాళీగా నున్నను గీత దాటి ప్రక్క సందులోనికి పోదు. ఆల్డర్మన్ల పలుకుబడికి ఆ బండియే గుర్తు. 2013 నాటికి ఈ పద్ధతి మారి, వార్డు గీతలతో నిమిత్తము లేక వీధుల వరుసను బట్టి బండ్లు తిరుగుట మొదలయ్యెను. అంతకు మునుపే నలువదితొమ్మిదవ వార్డు సభ్యుడు జో మూర్, తన వార్డు పనులకై యేటేట వచ్చు పదుమూడు లక్షల డాలర్ల వ్యయమును ప్రజల వోటునకు వదలెను. అమెరికాలో అట్లు చేసిన మొదటివాడాయనయే. 2010 ఏప్రిలులో వోటు జరిగెను. పదునారేండ్లు నిండిన ఆ వార్డు నివాసి యెవరైనను, పౌరసత్వము లేకున్నను, చీటి వేయవచ్చుననిరి. 1,652 మంది వచ్చిరి. పగిలిన నడకదారుల మరమ్మతునకు అన్నిటికంటె నెక్కువ చీట్లు పడినవి.