పానగల్లు సోమేశ్వరుని నివేదన: నైవేద్యం, నిర్మాల్యం, ప్రసాదం

నల్లగొండ చెంతనున్న పానగల్లు ఒకనాడు కందూరు చోళుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రమనే తటాకం ఆనాటి ధర్మనిష్ఠకు నేటికీ సాక్షులుగా నిలిచియున్నాయి. ఈ మెట్టసీమలో చెరువు నిండితేనే వరి పండుతుంది. వరి పండితేనే స్వామికి మహానైవేద్యం సమకూరుతుంది.

కాకతీయ సామంతుడైన సారంగపాణిదేవుడు 1267లో ఛాయా సోమనాథునికి భూమిని సమర్పించినట్లు పానగల్లు శాసనం తెలుపుతోంది. ఆ యుగపు శాసనాలలో ఇట్టి దానాల ప్రయోజనాన్ని ‘అంగరంగభోగం’ అని పేర్కొనుట పరిపాటి. అభిషేక, గంధ, ధూప, దీప, నైవేద్యాదులు అంగభోగం. నృత్య, గీత, వాద్యాలు రంగభోగం. దేవుడు ఆ భూమికి ప్రభువు. ప్రభువు భుజించుటను తెలుగువారు ‘ఆరగింపు’ అని గౌరవంగా పిలుచుకున్నారు.

వండిన అన్నం ఒక్కటే అయినను దాని నామం అవస్థను బట్టి మారుతుంది. ‘నివేదనం’ అనగా విన్నవించుట. “ఇది నీది” అని స్వామికి విన్నవించదగినది నైవేద్యం. స్వామి స్వీకరించిన పిమ్మట మిగిలినది నిర్మాల్యం. అనుగ్రహరూపంగా భక్తుని చేతికి వచ్చినది ప్రసాదం. ‘ప్రసాదం’ అనే పదానికి తేటదనమని మూలార్థం. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో ఆ పదం చిత్తనైర్మల్యాన్నే సూచిస్తుంది.

శివాలయాలలో ఈ నామభేదం ఆచారభేదానికి సైతం కారణమైంది. శివనిర్మాల్యం చండేశ్వరుని భాగమని, దానిని ఇతరులు భుజింపరాదని శైవాగమ సంప్రదాయం. వీరశైవులు మాత్రం ప్రసాదాన్ని అష్టావరణాలలో ఒకటిగా నిలిపి, లింగార్పితం కాని ఆహారాన్ని స్వీకరింపరాదన్నారు. తెలుగునాట ఆ భక్తిమార్గాన్ని పాల్కురికి సోమనాథుడు కావ్యముఖంగా ప్రచారం చేశాడు. ఒకరు భయభక్తులతో దూరముంచిన అన్నాన్నే మరొకరు ప్రాణాధారంగా స్వీకరించారు. అయినను ఇరువురి అంగీకారం ఒక్కటే: నివేదించిన అన్నంపై మనకు స్వామ్యం లేదు.

నేడు పొయ్యి మీద ఉడుకుతున్న పులిహోరను సైతం ప్రసాదమనుట వాడుకైపోయింది. ఆ తొందరలో నడుమనున్న నివేదనం మరుగుపడుతోంది. “నాది” అనే భావాన్ని స్వామి ముందు విడిచే క్షణమది. ఆ క్షణం లేనిదే అన్నం అన్నంగానే మిగులుతుంది. చెరువు త్రవ్వించినవాడు, చేను దున్నినవాడు, వంట వండినవాడు ఎవ్వరూ తమదనక సమర్పించినందుననే పానగల్లు పొలాల ధాన్యం సోమేశ్వరుని భోగమైంది.